భాగ్యనగరమును తీర్చిన ఇంజనీరు

మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు మైసూరు సంస్థానములోని ముద్దెనహళ్ళి గ్రామమున ఒక తెలుగు కుటుంబమునందు జన్మించిరి. వారి పూర్వులు ఆంధ్రదేశమున గిద్దలూరు ప్రాంతమునగల మోక్షగుండము వారు. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు. చిన్నతనముననే తండ్రి గతించుటచే కుటుంబము ఇక్కట్లపాలయ్యెను. విశ్వేశ్వరయ్యగారు బెంగుళూరులో పిల్లలకు పాఠములు చెప్పి, ఆ రాబడితో సెంట్రల్ కళాశాలలో చదివిరి. పిదప పూనాలో ఇంజనీరింగు పట్టము పొంది, 1884లో బొంబాయి ప్రభుత్వ కొలువున చేరిరి. ఖడక్‌వాస్లా జలాశయమునకు 1903లో వారు అమర్చిన తలుపులు, నీరు హద్దు మీరినంతనే తమంతట తామే తెరచుకొని, తగ్గినంతనే మూసికొనెడివి.

1908 సెప్టెంబరు 28న హైదరాబాదు నగరమున మహావిపత్తు సంభవించెను. ఎగువ ప్రాంతమున కుంభవృష్టి కురిసి, మూసీనదికి నీరు చేర్చు 788 చెరువులలో 221 తెగిపోయెను. నది ఒక్కుమ్మడిగా పొంగి వంతెనలను ముంచెను. ఒడ్డున నున్న పూరిండ్లును మిద్దెలును కూలెను. వేలకొలది జనులు మృత్యువాత పడిరి. అఫ్జల్‌గంజ్ వద్ద సుమారు 150 మంది ఒక చింతచెట్టు నెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. ఆ వృక్షము నేటికిని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమున గలదు.

అప్పటికి విశ్వేశ్వరయ్యగారు బొంబాయి కొలువు విడిచి విదేశములలో పర్యటించుచుండిరి. నిజాం ప్రభుత్వము ఆహ్వానింపగా 1909లో హైదరాబాదు చేరిరి. నదికి గోడలు మాత్రము కట్టిన చాలదనియు, వరద నగరము చేరకమునుపే దానిని నిలుపవలెననియు వారు నిశ్చయించిరి. మూసీ మీదను, దాని ఉపనదియగు ఈసీ మీదను పెద్ద జలాశయములు కట్టవలెను. నగరములో నది గట్లను ఎత్తుచేసి, వాటివెంట ఉద్యానములు పెంచవలెను. మురుగునీటికి వేరుగా కాలువలు నిర్మింపవలెను. ఇదియే వారి ప్రణాళిక సారాంశము. ఒడ్డున ఇండ్లున్నచో వరద మనుష్యులను కబళించును. తోటలున్నచో నీరు వచ్చి, కొంత బురద విడిచి, మరలిపోవును. కనుక ఆ పచ్చదనము అలంకారము మాత్రమే కాదు, రక్షణ కూడ.

1911లో సింహాసనమెక్కిన మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలమున ఈ పనులు సాగెను. 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము పూర్తియయ్యెను. అవి వరదను ఆపుటయేగాక నగరవాసుల దాహమును తీర్చెను. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు మురికిపేటలను తొలగించి పేదలకు ఇండ్లు కట్టెను. ఇరుకు వీధులను వెడల్పు చేసి, నదీతీరమున తోటలు వేసెను. విశ్వేశ్వరయ్యగారు 1912 నుండి 1918 వరకు మైసూరు దివానుగా నుండిరి. అయినను హైదరాబాదును మరువలేదు. 1922లో మరల వచ్చి భూగర్భ మురుగుకాలువల పనిని చేపట్టిరి. 1930లో నగరాభివృద్ధిని గూర్చి నివేదిక సమర్పించిరి.

అబిడ్స్, నాంపల్లి ప్రాంతముల నడుమ 1935లో వెలసిన మొజంజాహీ మార్కెట్ ఆ యుగపు నిర్మాణమే. బోర్డునకు అధ్యక్షుడైన నిజాం రెండవ కుమారుని పేర అది ప్రసిద్ధి చెందెను. నల్లరాతి గోడలతో, గడియార స్తంభముతో, విశాలమైన కూడలిలో నిలిచిన ఆ విపణి చిరకాలము పండ్లకు పెట్టినది పేరు. పండ్ల వ్యాపారము తరువాత వేరొకచోటికి తరలెను. శిథిలమగుచున్న కట్టడమును బాగుచేసి 2020లో తిరిగి ప్రారంభించిరి.

విశ్వేశ్వరయ్యగారికి 1955లో భారతరత్న బిరుదము లభించెను. నిండు నూరేండ్లు జీవించి 1962 ఏప్రిల్ నెలలో వారు పరమపదించిరి.

2020 అక్టోబరులో హైదరాబాదున భారీ వర్షములు కురిసినప్పుడు చెరువుల సమీపమునను, నాలాల వెంటను నివసించువారి ఇండ్లలో నీరు చొచ్చెను. మూసీలో నేడు పారునది చాలవరకు మురుగునీరే. మొక్కలు నాటినంతమాత్రమున నగరము పచ్చబడదు. నీటికి చోటు విడువవలెను, మురుగును వేరుచేయవలెను, పేదవానికి మెరక నేలపై ఇల్లు చూపవలెను. అప్పుడే నాటిన చెట్టు నిలుచును. దాని నీడన మనిషియు నిలుచును. విశ్వేశ్వరయ్యగారు హైదరాబాదునకు చేసిన సేవ మనకు నేర్పు పాఠమిదియే.