ఎండలో ఆకు ఏం చేస్తుంది?

గరాటు కింద హైడ్రిల్లా మొక్క, పైన పరీక్షనాళిక, అందులో బుడగలు. స్కూల్లో ఈ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకోనివాళ్ళు మనలో తక్కువే. ఆ బుడగల వెనక ఉన్న మనిషి యాన్ ఇంగెన్‌హౌజ్.

1730లో నెదర్లాండ్స్‌లోని బ్రెడాలో పుట్టాడు. చదివింది వైద్యం. అప్పటికింకా మశూచికి టీకా రాలేదు. జబ్బు తేలిగ్గా వచ్చినవాళ్ళ పొక్కులోంచి రసి తీసి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ చర్మంలోకి ఎక్కించేవారు. వికటిస్తే ప్రాణమే పోవచ్చు. 1767లో ఆస్ట్రియా మహారాణి మరియా థెరీసా కూతురు ఒకామె మశూచితో చనిపోయింది. మరుసటి ఏడాది ఆ ఇంటి పిల్లలకి రసి ఎక్కించింది ఇంగెన్‌హౌజే. పిల్లలు బతికారు. ఆయనకి రాజవైద్యుడి పదవి, జీవితాంతం భృతి దక్కాయి. ఇక కాలుమీద కాలేసుకుని కూర్చోవచ్చు. కానీ కూర్చోలేదు.

ఇంగ్లండ్‌లో 1771లో జోసెఫ్ ప్రీస్ట్లీ ఒక సంగతి కనిపెట్టాడు. కొవ్వొత్తి మండి పాడైన గాలిని పుదీనా మొక్క బాగుచేస్తుందని. చిక్కేంటంటే, మళ్ళీ చేసి చూస్తే ఒక్కోసారి గాలి బాగుపడేది, ఒక్కోసారి ఇంకా పాడయ్యేది. ఎందుకో అంతుపట్టలేదు.

1779 ఎండాకాలంలో ఇంగెన్‌హౌజ్ లండన్ దగ్గర పల్లెలో ఓ ఇల్లు అద్దెకి తీసుకుని, మూడు నెలల్లో 500కి పైగా ప్రయోగాలు చేశాడు. ఆకుల్ని నీళ్ళలో ముంచి ఎండలో పెడితే బుడగలొచ్చాయి. నీడలోకి తెస్తే ఆగిపోయాయి. ఎండ వేడి వల్లేమో అని చూశాడు. కాదు, కావల్సింది వెలుతురు. అదీ ఆకులు, పచ్చటి కాడలే ఈ పని చేస్తాయి. పువ్వులు, వేళ్ళు చెయ్యవు. చీకటి పడితే ఆకులు కూడా మనలాగే గాలిని పాడుచేస్తాయి. కాకపోతే రాత్రి పాడుచేసే దానికన్నా పగలు బాగుచేసేది ఎంతో ఎక్కువ.

అంటే పాత ప్రయోగాల్లో రెండు ఫలితాలూ నిజమే. వెలుతురు ఎంత పడిందన్నది మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ల్యాబ్‌లో రీడింగ్ తేడా వస్తే మనం పక్కవాడి రికార్డు చూసి దిద్దేస్తాం. ఆయన ఆ తేడానే పట్టుకున్నాడు.

ఆకు పగలు కూడా శ్వాసిస్తూనే ఉంటుంది. ఎండలో తయారయ్యే ఆక్సిజన్ ఎక్కువ కాబట్టి ఆ శ్వాస మనకి కనబడదు, అంతే.

తర్వాత లావోయిజే కొత్త రసాయనశాస్త్రం వచ్చింది. ఇంగెన్‌హౌజ్ తన పాత వివరణని పట్టుకు వేలాడలేదు. 1796లో, 65 ఏళ్ళ వయసులో, మొక్కకి కార్బన్ దొరికేది గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచేనని రాశాడు. మరో మూడేళ్ళకి, 1799లో, ఇంగ్లండ్‌లోనే కన్నుమూశాడు.