ఫోర్క్ విరిగింది... చేతిలో పని నిలబెట్టింది!

రెండేళ్లు కష్టపడి ప్రిపేరైన ఆన్‌లైన్ పరీక్ష రాస్తున్నారు. సగం పేపరు బ్రహ్మాండంగా చేశారు. అప్పుడే మీ ముందున్న కంప్యూటర్ ఆగిపోయింది. ఇన్విజిలేటర్ వచ్చి, బాగు చేసుకోవాల్సింది మీరే, ఎవరూ చెయ్యి వేయకూడదు, టైమ్ మాత్రం ఆగదు అని చెప్పాడనుకోండి. ఏం చేస్తారు?

ఇంచుమించు ఇలాంటి పరిస్థితే 1913 జులై 9న ఫ్రాన్స్‌లో ఓ సైకిల్ రేసర్‌కు ఎదురైంది. అతడి పేరు యూజీన్ క్రిస్టోఫ్. ప్రపంచంలోనే పేరున్న సైకిల్ రేసు టూర్ డి ఫ్రాన్స్‌ను అతడు ఒక్కసారి కూడా గెలవలేదు. అయినా గెలిచినవాళ్లలో చాలామందిని మర్చిపోయిన సైకిల్ ప్రపంచం ఇతణ్ని మాత్రం మర్చిపోలేదు. ఎందుకో తెలుసుకుంటే, ఉద్యోగ వేటలో ఉన్న మీకూ పనికొస్తుంది.

తాళాల పని నుంచి రేసుల్లోకి

క్రిస్టోఫ్ 1885 జనవరి 22న పారిస్ పక్కనే ఉన్న మలకాఫ్‌లో పుట్టాడు. పెద్ద చదువులేం లేవు. కుర్రతనంలోనే తాళాలు చేసే పనిలో చేరాడు. ఇనుమును కోయడం, ఆకురాయితో అరగదీయడం, కొలతకు సరిపోయేలా అమర్చడం అక్కడే నేర్చుకున్నాడు. పద్దెనిమిదేళ్లు దాటాక సైకిల్ పందేలే వృత్తి అయ్యాయి. ఇక ఆ తాళాల పనితో తనకేం సంబంధం అనిపించి ఉండొచ్చు. మీలో కొందరికి డిప్లొమాలోనో ఐటీఐలోనో చేసిన వర్క్‌షాప్ క్లాసుల గురించి అనిపించినట్టే!

1910లో ఇటలీలో జరిగిన మిలాన్-సాన్‌రెమో పందెంతో అతడి పేరు మార్మోగింది. ఆ రోజు కొండదారిలో మంచు తుపాను. బరిలోకి దిగినవాళ్లలో చివరిదాకా వచ్చినవాళ్లను చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చలికి కొయ్యబారిపోయిన క్రిస్టోఫ్ దారిలో ఓ ఇంట్లో కాసేపు తలదాచుకున్నాడు. ఒళ్లు కాస్త వెచ్చబడగానే మళ్లీ సైకిలెక్కి, పన్నెండు గంటలకు పైగా తొక్కి గెలిచాడు. ఆ గెలుపు ఊరికే రాలేదు. తర్వాత ఆసుపత్రి పాలయ్యాడు. పూర్తిగా కోలుకోవడానికి చాలాకాలం పట్టింది.

1912 టూర్‌లో వరసగా మూడు స్టేజీలు గెలిచాడు. అందులో ఒకదానిలో 300 కిలోమీటర్లకు పైగా ఒంటరిగా ముందుండి తొక్కాడు. అయినా దక్కింది రెండో స్థానమే. అప్పట్లో మొత్తం సమయాన్ని కాకుండా, ఏ స్టేజీలో ఎన్నో స్థానంలో వచ్చాడన్న పాయింట్లను లెక్కేసేవారు. మరుసటి ఏడాది నిర్వాహకులు మళ్లీ సమయం లెక్కకే వచ్చారు. ఇక ఈసారి టైటిల్ క్రిస్టోఫ్‌దే అని చాలామంది అనుకున్నారు.

ఆ కొండ దిగుతుండగా...

1913 టూర్ ఆరో స్టేజీ. బయోన్ నుంచి లుషాన్ వరకు 326 కిలోమీటర్లు, అదీ పిరనీస్ పర్వతాల మీదుగా. ఇప్పటిలా చేతి దగ్గర మీట నొక్కితే మారే గేర్లు అప్పుడు లేవు. కొండ ఎక్కేటప్పుడు దిగి, వెనక చక్రం ఊడదీసి, రెండో వైపు తిప్పి బిగించుకోవాలి. ఆ రోజు ఉదయానికి అతడి కంటే ముందున్న డెఫ్రాయ్ బాగా వెనకబడి, చివరికి పందెం నుంచే తప్పుకున్నాడు. 2,115 మీటర్ల ఎత్తున్న టూర్మలే కనుమను ఫిలిప్ థీస్ తర్వాత రెండోవాడిగా దాటిన క్రిస్టోఫ్, మొత్తం సమయం లెక్కన అందరికంటే ముందున్నాడు.

దిగుతుండగా హ్యాండిల్ తేడాగా అనిపించింది. ఆపి చూస్తే, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్క్ విరిగిపోయింది!

వేరే సైకిల్ తీసుకోవచ్చుగా అంటారా? కుదరదు. బయల్దేరిన సైకిల్‌తోనే చేరాలి. చెడితే తనే బాగు చేసుకోవాలి. బయటివాళ్ల సాయం తీసుకుంటే శిక్ష. ఇదీ అప్పటి నిబంధన. సైకిల్‌ను భుజానికెత్తుకుని, చక్రాన్ని చేత్తో పట్టుకుని, క్రిస్టోఫ్ కొండ దిగడం మొదలుపెట్టాడు. పది కిలోమీటర్లకు పైగా నడక. వెనకబడినవాళ్లంతా ఒక్కొక్కరే దాటిపోతుంటే కన్నీళ్లు ఆగలేదు. కానీ కాళ్లు ఆగలేదు.

కిందనున్న సెంట్ మరీ ద కాంపాన్ అనే చిన్న ఊళ్లో ఓ కమ్మరి కొలిమి దొరికింది. కమ్మరి తానే అతికిస్తానన్నాడు. వెంట వచ్చిన అధికారులు ఒప్పుకోలేదు. పోటీ కంపెనీల మనుషులు కూడా కళ్లప్పగించి చూస్తున్నారు. కమ్మరి ఎలా చేయాలో నోటితో చెప్పొచ్చు, చెయ్యి మాత్రం పెట్టకూడదు.

ఎప్పుడో వదిలేసిన తాళాల పని ఇదిగో, ఇప్పుడు అక్కరకొచ్చింది. ఇనప గొట్టం తీసుకుని, ఎర్రగా కాల్చి, దాగలి మీద సుత్తితో కొట్టి, అరగదీసి, విరిగినచోట అమర్చాడు. మధ్యలో ఆకలేస్తోంది, కాస్త తినొస్తామని అధికారులు అడిగితే, బొగ్గులు తినండని విసుక్కున్నాడట! తను వాళ్ల ఖైదీ అయినప్పుడు, వాళ్లు కావలి కాయాల్సిందే కదా అన్నది అతడి వాదన.

పని పూర్తవడానికి దాదాపు మూడు గంటలు పట్టింది. అతడు మళ్లీ సైకిలెక్కి మిగిలిన రెండు కనుమలూ దాటి లుషాన్ చేరాడు. అప్పటికి థీస్ కంటే దాదాపు నాలుగు గంటలు వెనకబడ్డాడు. అంతటితో అయిపోలేదు. రెండు చేతులూ పనిలో ఉన్నప్పుడు కొలిమి తిత్తిని ఓ కుర్రాడితో ఊదించుకున్నాడు కదా, అది బయటి సాయమే అంటూ పది నిమిషాల శిక్ష వేశారు. తర్వాత దాన్ని మూడు నిమిషాలకు తగ్గించారు. టైటిల్ థీస్‌కు దక్కింది. క్రిస్టోఫ్ టూర్‌ను వదిలేయకుండా పారిస్ దాకా తొక్కి ఏడో స్థానంలో నిలిచాడు.

మళ్లీ అదే దెబ్బ

మొదటి ప్రపంచ యుద్ధం వల్ల 1915 నుంచి 1918 వరకు టూర్ జరగలేదు. ఫాబెర్, లపీజ్, పెటీ బ్రెటన్... ముగ్గురు మాజీ విజేతలు ఆ యుద్ధకాలంలోనే చనిపోయారు. 1919లో పందెం మళ్లీ మొదలయ్యేనాటికి క్రిస్టోఫ్‌కు 34 ఏళ్లు. అయినా ముందంజలో నిలిచాడు. మొత్తం సమయంలో ముందున్నవాణ్ని జనం సులువుగా గుర్తుపట్టాలని నిర్వాహకులు ఆ ఏడాదే పసుపు జెర్సీ తెచ్చారు. జులై 19న గ్రెనోబుల్‌లో దాన్ని తొడుక్కున్న మొట్టమొదటి రేసర్ క్రిస్టోఫే. దారిలో జనం పసుపుపచ్చ పిట్ట వచ్చిందని ఆటపట్టించేవారట. ఇవాళ ఆ జెర్సీని ఒక్కరోజు వేసుకున్నా జన్మ ధన్యమైందనుకునే రేసర్లున్నారు.

ఇక మిగిలింది రెండే స్టేజీలు. రెండోస్థానంలో ఉన్నవాడి కంటే 28 నిమిషాలు ముందున్నాడు. మెట్జ్ నుంచి డంకిర్క్‌కు 468 కిలోమీటర్ల స్టేజీలో, వాలెన్సియెన్ దగ్గర ఎగుడుదిగుడు రాళ్ల రోడ్డు మీద ఫోర్క్ మళ్లీ విరిగింది! దగ్గర్లోని వర్క్‌షాప్‌లో మళ్లీ తనే బాగు చేసుకున్నాడు. గంటకు పైగా పోయింది. జెర్సీ, టైటిల్ రెండూ ఫిర్మిన్ లాంబో పరమయ్యాయి. క్రిస్టోఫ్‌కు మూడో స్థానం మిగిలింది. అతడి దురదృష్టం చూసి చలించిన జనం చందాలు వేసుకుని పెద్ద మొత్తమే పోగు చేసి ఇచ్చారు.

1922లో, 37 ఏళ్ల వయసులో, పసుపు జెర్సీ మళ్లీ కొన్ని రోజులు అతడి ఒంటి మీదికొచ్చింది. కానీ ఆల్ప్స్‌లో గాలిబియే కనుమ దిగుతుండగా మూడోసారి ఫోర్క్ విరిగింది. 1925లో నలభై ఏళ్ల వయసులో చివరి టూర్ తొక్కాడు. 1970లో కన్నుమూశాడు. పెడల్ మీద పాదం జారకుండా పట్టి ఉంచే క్లిప్పులు చాలాకాలం అతడి పేరుతోనే అమ్ముడయ్యాయి. ఆ కొలిమి ఉన్న ఊళ్లో ఇప్పుడు అతడి జ్ఞాపకంగా ఓ ఫలకం ఉంది.

ఇంకో సంగతి. ఫోర్క్ విరిగిందన్న మాట బయటపెడితే తనకు జీతమిచ్చే కంపెనీకి చెడ్డపేరు వస్తుందని అప్పట్లో నోరు మెదపలేదని క్రిస్టోఫ్ ముసలితనంలో చెప్పుకొచ్చాడు. అతడి విధేయత అర్థం చేసుకోదగ్గదే. కానీ మీరు రేపు ఏ కంపెనీలో చేరినా ఇక్కడ మాత్రం అతణ్ని అనుసరించకండి. దాచిపెట్టిన లోపం బాగుపడదు.

కార్బన్ కాలంలో కొలిమి ఎక్కడ?

ఇవాళ పందెం సైకిళ్లకు ఫ్రేము, ఫోర్కు అన్నీ కార్బన్‌వే. మంచివైతే ధర లక్షల్లోనే. వాటిని కొలిమిలో కాల్చి అతకలేం. ఇనుము చాలాసార్లు వంగి హెచ్చరిస్తుంది. కార్బన్‌లో దెబ్బ లోపలే ఉండిపోయి, ఓ రోజు ఉన్నట్టుండి విరగొచ్చు. అందుకే పని తీరు మారింది. విరిగాక అతకడం కాదు, విరగకముందే కనిపెట్టడం అసలు విద్య. కార్బన్ సైకిల్ ఉన్నవాళ్లయినా, సైకిల్ షాపులో పని నేర్చుకుందామనుకునేవాళ్లయినా ఇవి తెలుసుకోండి:

* ముందు బ్రేకు గట్టిగా పట్టి సైకిల్‌ను ముందుకీ వెనక్కీ ఊపండి. హ్యాండిల్ కింద టకటకమంటే హెడ్‌సెట్ వదులైనట్టే. స్టెమ్ పక్క బోల్టులు వదులు చేసి, పైన మూత బోల్టుతో ఆ వదులు పోయేదాకా మాత్రమే బిగించి, హ్యాండిల్ సరిచేసి, ఆ తర్వాతే పక్క బోల్టులు బిగించాలి. ఈ వరస తప్పకూడదు.

* ఎంత బలంగా బిగిస్తే అంత మంచిదనుకోవద్దు. ఎంత బిగించాలో చాలా భాగాల మీద న్యూటన్ మీటర్లలో రాసి ఉంటుంది. టార్క్ రెంచ్‌తో అంతే బిగించాలి. ఎక్కువైతే కార్బన్ చిట్లుతుంది.

* కిర్రుమనే చప్పుడొస్తే కనిపించిందల్లా విప్పేయకండి. ఒక్కో భాగాన్నే మార్చి చూడండి. సీటు గొట్టం దగ్గర అయితే ఊడదీసి, తుడిచి, గ్రీజు కాకుండా కార్బన్ పేస్ట్ రాసి బిగించాలి.

* సీటు ఎత్తు మార్చేముందు పాత ఎత్తు దగ్గర టేపు అంటించండి. మోకాలు నొప్పెడితే మళ్లీ పాతచోటికి రావొచ్చు.

* గట్టిగా పడితే, పైకి గీత కూడా కనిపించకపోయినా, ఫోర్క్ బయటికి తీయించి లోపలి గొట్టంతో సహా తెలిసినవాళ్లకు చూపించాలి. అనుమానముంటే తొక్కకూడదు.

ఇంటర్వ్యూలో అడిగితే...

మీరు ఎదుర్కొన్న ఓ సమస్య గురించి చెప్పండి అన్నది ఇంటర్వ్యూల్లో తరచూ వచ్చే ప్రశ్న. చాలామంది గెలిచిన సంగతే చెప్పాలనుకుని తడబడతారు. క్రిస్టోఫ్ కథను గుర్తుంచుకోండి. ఏది చెడింది? ఎలా కనిపెట్టారు? ఏ హద్దులు దాటకూడదు? మీ చేతులతో మీరేం చేశారు? చివరికి ఏమైంది? ఈ అయిదూ వరసగా, నిజాయతీగా చెప్పండి. ప్రాజెక్టు ఫెయిలైనా ఫర్వాలేదు, మీ పని కనిపిస్తే చాలు.

ఆ రోజు కొలిమి దగ్గర నిలబడినప్పుడు టూర్ చేజారిపోయిందని క్రిస్టోఫ్‌కు తెలుసు. అయినా సుత్తి పట్టుకున్నాడు. అది పట్టుకోవడం కుర్రతనంలోనే నేర్చుకున్నాడు కాబట్టి పట్టుకోగలిగాడు. మీ రెజ్యూమేలో రాయకుండా వదిలేసిన పని ఏదైనా ఉందా? నాన్న షాపులో మోటారు వైండింగ్, ఇంట్లో నేర్చుకున్న కుట్టుపని, ఊళ్లో ట్రాక్టర్ రిపేరు... ఏదైనా సరే. ఈ రాత్రే ఓ లైను చేర్చండి.