చెవి మర్మమెరిగిన వల్సాల్వా

నీట మునిగి లోతునకు దిగువానిని ముందుగా బాధించునది ఊపిరి కాదు, చెవి. నిలువెత్తు లోతు దాటగానే నొప్పి మొదలగును. అప్పుడతడు ముక్కుపుటములను వ్రేళ్ళతో మూసి, నోరు బిగించి, మెల్లగా గాలిని ఊదును. చెవిలో చిన్న చప్పుడై బాధ తీరును. ఈ ప్రక్రియను నేడు లోకమంతా వల్సాల్వా పేరుతోనే పిలుచుచున్నది. ఆ పేరుగల మహనీయుని చరిత్ర మన విద్యార్థులు తెలిసికొనదగినదని మా తలంపు.

ఆంటోనియో మరియా వల్సాల్వా 1666లో ఇటలీలోని ఇమోలా పట్టణమున జన్మించాడు. బొలోన్యాలో మాల్పీగీ అంతటి గురువు వద్ద చదివి, 1687లో వైద్యపట్టము పొందాడు. అక్కడనే శస్త్రవైద్యుడుగా, శరీరనిర్మాణశాస్త్ర ఆచార్యుడుగా జీవితమంతా గడిపాడు.

ఆయన శ్రద్ధ అంతయు చెవి మీదనే నిలిచినది. పదహారేండ్లపాటు వేయికి పైగా శిరస్సులను కోసి పరిశీలించి, 1704లో మానవకర్ణమును గూర్చి లాటిన్ భాషలో గ్రంథము ప్రకటించాడు. చెవిని వెలుపలి, నడిమి, లోపలి భాగములుగా విభజించినది ఆయనే. నడిమి చెవి నుండి గొంతు వెనుకకు పోవు సన్నని నాళమునకు, దానిని తనకు పూర్వమే వర్ణించిన యూస్టాకీ పేరు పెట్టాడు. తన పేరు పెట్టుకొనగలిగి ఉండి పరుని పేరు పెట్టుట మాకు మిక్కిలి నచ్చిన గుణము. ఆ నాళమును తెరచు కండరమును గూడ ఆయన వర్ణించాడు.

ఆశ్చర్యమేమనగా, గాలి ఊదు పద్ధతిని ఆయన చెప్పినది ఈతగాండ్ర కొరకు కాదు, చెవిలో చేరిన చీమును వెడలగొట్టుటకు. అయినను సూత్రమొకటే. నీట ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనము అదనముగా చేరును. మొదటి 10 మీటర్లలోనే గాలి సగమునకు కుదించుకొనిపోవును. మరల సగము కావలెనన్న 30 మీటర్లు దిగవలెను. కనుక చెవికి అసలు గండము పైభాగముననే. కర్ణభేరి లోనికి వంగక ముందే గాలిని అందింపవలెను. ఆలస్యమైనచో పీడనమునకు నాళము మూసికొనిపోవును. అప్పుడు బలముగా ఊదుట ప్రమాదము; లోపలి చెవి పొర చినిగి చెవుడు, తల తిరుగుడు రావచ్చును. కొంచెము పైకి వచ్చి మరల ప్రయత్నించుటే మార్గము. జలుబున్ననాడు దిగనే రాదు. బావులలో మునుగు మన కుర్రవారు దీనిని గుర్తుంచుకొందురు గాక!

వల్సాల్వా చెవితోనే ఆగలేదు. మతిచెడినవారిని గొలుసులతో బంధించి కొట్టుట ఆ కాలపు ఆచారము. ఆయన దానిని నిరసించి దయతో చికిత్స చేయవలెనన్నాడు. శవములలోని ద్రవములను నాలుకతో రుచి చూచి పరీక్షించేవాడట! ఇది మాత్రము ఎవరును అనుకరింపరాదు.

1723లో బొలోన్యాలో ఆయన మరణించాడు. రోగనిదాన శరీరశాస్త్రమునకు ఆద్యుడని కీర్తి గాంచిన మోర్గాన్యీ ఆయన శిష్యుడే. గురువు పోయిన పదిహేడేండ్లకు, 1740లో, ఆ శిష్యుడే గురువు రచనలనన్నింటిని సమకూర్చి, జీవితచరిత్రను జోడించి అచ్చు వేయించాడు.