విప్పి బిగిస్తేనే విద్య

మీ ఇంట్లో నాన్న వాడిన పాత థండర్‌బర్డో, ఎంటైసరో మూలన ఉందా? ఆయిల్ మార్చాలంటే షెడ్డులో అన్నకు తాళం ఇచ్చేసి, పక్కన టీ తాగుతూ ఫోన్ చూసుకుంటున్నారా? బీటెక్ మెకానికల్ చదువుతూ కూడా మీ బండి డ్రెయిన్ బోల్ట్ ఎక్కడుందో తెలీదంటే, ఈ మనిషి గురించి తెలుసుకోవాల్సిందే. ఆయన గోపాలస్వామి దొరస్వామి నాయుడు. లోకానికి జీడీ నాయుడు.

సర్వర్ పని చేసి.. బండి కొని

1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో, తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టారు. పసితనంలోనే తల్లి పోయింది. బడి మీద మనసు నిలవలేదు, చిన్న తరగతుల్లోనే చదువు ఆగిపోయింది. టీనేజ్‌లో ఉండగా ఓ బ్రిటిష్ అధికారి రడ్జ్ మోటార్‌సైకిల్ మీద వెళ్లడం చూశారు. ఎద్దుల్లేవు, గుర్రం లేదు, బండి మాత్రం పోతోంది! ఎలా పోతోందో తేల్చుకోవాలనిపించింది. కోయంబత్తూరు వెళ్లి హోటల్లో సర్వర్‌గా చేరి, రూపాయి రూపాయి కూడబెట్టి, దాదాపు మూడేళ్లకు ఆ బండిని రూ.300కు కొన్నారని చెబుతారు.

కొన్నాక చేసిన పనే అసలు కథ. బండిని ముక్కలు ముక్కలుగా విప్పేశారు. మళ్లీ బిగించారు. ఆ కాలపు బండ్లలో ఆయిల్ మన బండ్లలోలాగా లోపలే తిరుగుతూ ఉండేది కాదు. నడిపేవాడే దారిలో చేతిపంపుతో ఇంజిన్‌కు ఆయిల్ అందించాలి, అది కాస్తా కాలి పోయేది. అంటే బండి లోపల ఏం జరుగుతోందో తెలియనివాడు ఎక్కువ దూరం పోలేడు. నాయుడు మెకానిక్ అయింది అలాగే.

ఒక్క బస్సుతో మొదలు

1920లో రాబర్ట్ స్టేన్స్ అనే వ్యాపారి సాయంతో ఒక బస్సు కొని, పొల్లాచ్చి–పళని మధ్య తనే నడిపారు. అదే యూఎంఎస్ అనే పెద్ద బస్సుల సంస్థగా ఎదిగింది. 1937లో కోయంబత్తూరులో తయారైన తొలి దేశీయ ఎలక్ట్రిక్ మోటారు వెనక డి.బాలసుందరం నాయుడితో పాటు ఈయన పేరూ ఉంది. బ్యాటరీ సెల్స్‌తో నడిచే షేవింగ్ రేజరూ చేశారు.

1945లో ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, ఆ వెంటే ఇంజినీరింగ్ కాలేజీ రావడానికి ఆయనే మూలం. నేటి కోయంబత్తూరు గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ అదే. అక్కడే పేచీ వచ్చింది. ఇంజినీరింగ్‌కు నాలుగేళ్లు దండగ, పనితో కలిపి నేర్పితే రెండేళ్లు చాలని ఆయన పట్టు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. తను పెట్టిన కాలేజీనే వదిలేసి బయటికొచ్చారు. 1974లో కన్నుమూశారు.

నాలుగేళ్లు దండగ అన్నది నేను ఒప్పుకోను. థర్మోడైనమిక్స్ రెండు వారాల్లో ఎక్కదు. కానీ చేయి పడని చదువు ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతుంది. ఆయన అడిగింది అదే.

ఈ ఆదివారం మీ వంతు

మాన్యువల్ తీసి మీ బండికి ఏ గ్రేడ్ ఆయిలో, ఎంతో చూడండి. ఇంజిన్‌ను కొద్దిసేపు ఆన్ చేసి వేడెక్కనివ్వండి, ఆయిల్ పలచబడి మడ్డితో సహా దిగుతుంది. దిగిన ఆయిల్‌ను పారేసే ముందు చూడండి: లోహపు మెరుపులు ఎక్కువుంటే లోపల ఏదో అరుగుతోంది, పాలలా తెల్లబడితే నీళ్లు చేరాయి. ఫిల్టర్, వాషర్ కొత్తవి వేయండి. బోల్ట్‌ను బలమంతా పెట్టి బిగించకండి, మర పోతుంది. పాత బుల్లెట్లలో గేర్‌బాక్స్ ఆయిల్ వేరు, మర్చిపోవద్దు. వాడేసిన ఆయిల్‌ను మోరీలో పోయకుండా షెడ్డులో ఇవ్వండి.

డిస్క్ బ్రేక్ ఉంటే ఇంకో మాట. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తదైతే కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, తేమ పట్టాక ఆ కనీస హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. తిరుమల ఘాట్ దిగేటప్పుడు బ్రేక్ మీదే కాలుంచితే ఫ్లూయిడ్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి, బ్రేక్ మెత్తబడి జారుతుంది. ఇది మార్కుల విషయం కాదు, ప్రాణం విషయం. రెండేళ్లకోసారి మార్చండి. మొదటిసారి మాత్రం మెకానిక్ అన్నను పక్కన పెట్టుకునే చేయండి. ఆయనకిచ్చే డబ్బుల్ని ట్యూషన్ ఫీజు అనుకోండి.

వీలైతే ఒకసారి కోయంబత్తూరు వెళ్లండి. తిరుపతి నుంచి నేరుగా రైలుంది. అవినాశి రోడ్డులో నాయుడి పేరిట మ్యూజియం ఉంది, కార్ల మ్యూజియం కూడా. వెళ్లేలోపు మీ బండి ఒక్కసారైనా మీ చేత్తో విప్పి ఉంటే, అక్కడ చూసే ప్రతి ఇంజినూ మీకు తెలిసిన చుట్టంలా కనిపిస్తుంది.