గుర్రమెక్కిన అమ్మమ్మ

రౌతు కొద్దీ గుర్రం అంటారు మన పెద్దవాళ్లు. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని ఇంకో సామెత. ఈ రెండూ అక్షరాలా అనుభవించిన మనిషి రాణీ రుద్రమదేవి. గుర్రం మీద కత్తి పట్టిన ఆమె బొమ్మ మనం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఆ బొమ్మ వెనక ఎంత చాకిరీ ఉందో, ఎంత గుండె నిబ్బరం ఉందో మాత్రం ఎప్పుడూ ఆలోచించం.

ఆమె తండ్రి గణపతిదేవుడు 1199లో ఓరుగల్లు గద్దె ఎక్కాడు. కృష్ణమ్మ సముద్రంలో కలిసే మన దివిసీమను గెలిచి, అక్కడ ఏలుతున్న అయ్య వంశం వారితో వియ్యమందాడు. నారాంబ, పేరాంబ అనే అక్కచెల్లెళ్లిద్దరినీ పెళ్లాడి, వాళ్ల సోదరుడు జాయపను తన ఏనుగుల దళానికి అధిపతిని చేశాడు. నృత్తరత్నావళి రాసిన జాయప సేనాని ఈయనే. నాగాయలంక దగ్గర గణపేశ్వరంలో గుడి కట్టించిందీ ఈయనే. అలా మన దివి ఆడపడుచులు తిరిగిన అంతఃపురం రుద్రమది.

ఏనుగులంటే మన అడవుల్లో దొరికేవి. మేలుజాతి గుర్రాలు అలా కాదు. అరబ్బు, పారశీక దేశాల నుంచి ఓడలెక్కి రావాల్సిందే. బందరుకు దిగువన, చీరాల దాటాక వచ్చే మోటుపల్లి అప్పట్లో పెద్ద రేవు. తుపానుకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు అన్నీ రాజులే లాగేసుకునేవారట. గణపతిదేవుడు 1244లో అక్కడ అభయశాసనం వేయించి ఆ దోపిడీ మాన్పించాడు. ముప్పయ్యింట ఒక వంతు సుంకం తప్ప ఇంకేమీ ముట్టుకోనని వర్తకులకు మాటిచ్చాడు. దిక్కులేని ఓడను దోచుకోకపోతే పది ఓడలు వాటంతటవే వస్తాయని ఆయనకు తెలుసు.

సరే, అంత దూరం నుంచి వచ్చిన గుర్రం మన నేల మీద బతకాలి కదా! గుర్రం పొడినేల జంతువు. బురదలో నిలబెడితే గిట్టలు కుళ్లుతాయి. రోజుకు పాతిక, ముప్పై లీటర్ల నీళ్లు తాగుతుంది. ఒకేసారి కడుపునిండా పెట్టకూడదు, కొంచెం కొంచెంగా పలుమార్లు మేపాలి. దానికి వాంతి రాదు. తిన్నది వికటిస్తే కడుపునొప్పితోనే ప్రాణం పోవచ్చు. ఆరు, ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కాలి. చలికాలంలో చెమటపట్టి వచ్చిన గుర్రాన్ని అలాగే కట్టేయకుండా మెల్లగా నడిపించి, ఒళ్లు తుడిచి, మాలీసు చేసి, పైన గుడ్డ కప్పాలి. పసిపిల్లను సాకినట్టే అన్నమాట. మనం వెన్న వేసుకుని ఇష్టంగా తినే ఉలవచారు ఉందే, ఆ ఉలవలు ఉడకబెట్టిన గుగ్గిళ్లే గుర్రాలకు బలమైన దాణా.

ఆ రోజుల్లో మన తీరం తిరిగిన మార్కోపోలో పాండ్యుల దేశంలో గుర్రాలకు ఉడికించిన అన్నం, మాంసం పెట్టడం చూసి ఆశ్చర్యపోయాడు. సాకడం తెలిసినవాళ్లు లేక అవి చచ్చిపోతున్నాయనీ, ఏటేటా మళ్లీ కొనాల్సి వస్తోందనీ రాశాడు. గుర్రాన్ని కొనడానికి బంగారం చాలు, నిలబెట్టుకోవడానికి మాత్రం మనిషి కావాలి.

గణపతిదేవుడికి కొడుకులు లేరు. అందుకే కూతురికి రుద్రదేవుడని మగపేరు పెట్టి రాజ్యం చేతికిచ్చాడు. నిడదవోలు చాళుక్య రాకుమారుడు వీరభద్రుడితో పెళ్లి జరిపించాడు. 1262 ప్రాంతంలో రాజ్యభారం ఆమె భుజాల మీద పడింది. పాండ్యుల చేతిలో కాకతీయ సేన దెబ్బతిన్న గడ్డురోజులవి. ఆడది గద్దెక్కిందని సామంతులు కొందరు ఎదురుతిరిగారు. రౌతు మెత్తనేమోనని పరీక్షించారన్నమాట! పడమటి నుంచి దేవగిరి యాదవరాజు మహదేవుడు దండెత్తి వచ్చాడు. రుద్రమ అతన్ని తరిమికొట్టింది. బీదరు కోటలో దొరికిన శాసనంలో ఆమెకు రాయగజకేసరి అనే బిరుదు కనిపిస్తుంది. పగ్గాలు ఎంత గట్టిగా పట్టిందో అక్కడ తేలిపోయింది.

అసలు దెబ్బ బయటివాళ్ల నుంచి కాదు, లోపలి నుంచే వచ్చింది. గణపతిదేవుడు కాయస్థ గంగయ సాహిణిని గుర్రపు దళానికి అధిపతిని చేసి, దక్షిణాన పెద్ద ప్రాంతం అప్పగించాడు. గంగయ తర్వాత అది మేనల్లుళ్లకు వచ్చింది. వాళ్లలో చివరివాడు అంబదేవుడు రుద్రమ మాట వినడం మానేసి స్వతంత్రం ప్రకటించుకున్నాడు. తండ్రి ఎవరి చేతికి గుర్రాలిచ్చాడో ఆ ఇంటివాడే కూతురి మీదికి తిరిగాడు.

అప్పటికి రుద్రమ వయసు మళ్లిన మనిషి. కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడు చేతికందొచ్చాడు. మనవడిని పంపి తాను ఇంటిపట్టున ఉండొచ్చు. ఎవరూ తప్పుపట్టరు కూడా. కానీ ఆ అమ్మమ్మ ఊరుకోలేదు. ఆఖరి రోజుల్లోనూ సేన వెంటే ఉంది. వరంగల్ దగ్గర బొల్లికుంటలో ఉన్న రెండు శిల్పాలు ఆమెవేనని 2017లో పురావస్తు శాఖవారు గుర్తించారు. ఒకదాంట్లో కుడిచేత కత్తి, ఎడమచేత కళ్లెం పట్టుకుని గుర్రం మీద ఉంది. రెండోదాంట్లో అలసి సోలిపోయి ఉంది. అక్కడ యముడి దున్నపోతు కూడా కనిపిస్తుంది.

నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నవంబరు 27 నాటి శాసనం ఒకటుంది. రుద్రమదేవీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడూ శివలోకం చేరారని, వారి పుణ్యం కోసం సోమనాథదేవుడికి భూమి ఇచ్చానని పువ్వుల ముమ్మడి అనే బంటు వేయించిన రాయి అది. అంబదేవుడితో పోరులోనే ఇద్దరూ నేలకొరిగారని చరిత్రకారుల అభిప్రాయం. రాణి ఎప్పుడు పోయిందో మనకు తెలిసింది కవుల కావ్యాల వల్ల కాదు, ఈ బంటు వేయించిన రాయి వల్ల. దాంట్లో రాణి పేరూ సేనాని పేరూ పక్కపక్కనే ఉన్నాయి. బంట్లతో పాటు ఎండకూ చలికీ ఓర్చి నడిచిన మనిషికి దక్కే మర్యాద అది.