మొదటి సాలార్‌జంగ్

మొదటి సాలార్‌జంగ్ (1829 - 1883 ఫిబ్రవరి 8) హైదరాబాదు సంస్థానపు దివానుగా ముగ్గురు నిజాముల కాలంలో పనిచేసిన రాజనీతిజ్ఞుడు. అసలు పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. గద్వాల, వనపర్తి సంస్థానాల వెండి రూపాయలు నేడు నాణేల సేకర్తలకు అపురూపం కావడానికి ఈయన చేసిన ఒక సంస్కరణ ముఖ్య కారణం.

==తొలి జీవితం==
బీజాపూరులో జన్మించాడు. చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయి బంధువుల సంరక్షణలో పెరిగాడు. కొంతకాలం ఖమ్మం తాలూకాదారుగా ఉండి రెవెన్యూ వ్యవహారాలు నేర్చుకున్నాడు. 1853లో పినతండ్రి సిరాజుల్ ముల్క్ మరణించగా 24 ఏళ్ళ వయసులో దివాను అయ్యాడు. బాకీల కింద బేరారును, రాయచూరు అంతర్వేదిని ఆంగ్లేయులకు అప్పగించి అప్పటికి కొద్ది రోజులే అయింది. ఖజానా దాదాపు ఖాళీ.

==నాణేల సంస్కరణ==
ఆనాడు రాజ్యంలో టంకసాల ఒక్కటి కాదు. గద్వాల, నారాయణపేటలలో నాణేలు ముద్రించేవారు. వనపర్తి ప్రభువుల నాణేనికి వారి పాత రాజధాని పేరిట సుగూరు సిక్కా అని పేరు. అన్నిటిపైనా మొగలు చక్రవర్తి పేరే ఉన్నా, తూకం, మేలిమి ఒక్కొక్క చోట ఒక్కొక్క తీరు. ఒక ఊరి రూపాయి మరో ఊరిలో చెల్లాలంటే షరాబుకు వట్టం ఇచ్చుకోవాలి. సిస్తు కట్టే రైతు నష్టపోయేవాడు. సంస్థానాధీశులకు మాత్రం టంకసాల ఆదాయం కన్నా గౌరవ చిహ్నం.

సాలార్‌జంగ్ ఈ టంకసాలలను మూయించి ముద్రణను హైదరాబాదుకు తెచ్చాడు. 1857 తిరుగుబాటు తరువాత మొగలు చక్రవర్తి పదవీచ్యుతుడు కావడంతో నాణెంపై అసఫ్ జా పేరు వేయించారు. ఇదే హాలీ సిక్కా. సంస్థానాల భూములు, పాలన మాత్రం వారి వద్దనే ఉన్నాయి. పేష్కష్ యథాప్రకారం చెల్లించేవారు. అయితే ఉత్తరువుతో పాత నాణెం ఒక్కసారిగా మాయం కాలేదు. గద్వాల రూపాయి 20వ శతాబ్దం ఆరంభంలో కూడా రాయచూరు జిల్లాలో చెలామణిలో ఉండేది. సుత్తెతో కొట్టిన ఈ నాణేలపై ముద్ర తరచుగా పూర్తిగా పడదు. అందువల్ల ఏది ఏ ఊరిదో గుర్తించడం నిపుణులకూ కష్టమే.

==ఇతర విశేషాలు==
1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ రెసిడెన్సీపై దాడి చేసినపుడు ఈయన ఆంగ్లేయుల పక్షాన నిలిచాడు. దీనిపై విమర్శలు నేటికీ ఉన్నాయి. ప్రతిఫలంగా 1860లో రాయచూరు అంతర్వేది తిరిగి వచ్చింది గాని, బేరారు రాలేదు. ఆ కోరికతోనే 1876లో ఇంగ్లండు వెళ్ళాడు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయం గౌరవ పట్టం ఇచ్చింది. బేరారు మాత్రం దక్కలేదు.

1865లో జిలాబందీ ద్వారా జిల్లాల వ్యవస్థ ఏర్పడింది. తరువాతి మహబూబ్‌నగర్ జిల్లాకు తొలుత నాగర్‌కర్నూలే కేంద్రం. 1869 నుండి బాలుడైన మహబూబ్ అలీ ఖాన్ తరఫున రాజప్రతినిధిగా కూడా వ్యవహరించాడు.

==మరణం==
1883 ఫిబ్రవరి 8న కలరా సోకి హైదరాబాదులో మరణించాడు. కుమారుడు మీర్ లాయక్ అలీ ఖాన్ 1884లో దివాను అయ్యాడు. సాలార్‌జంగ్ మ్యూజియంలోని వస్తువులలో ఎక్కువ భాగం సేకరించినది ఈయన మనుమడు మీర్ యూసుఫ్ అలీ ఖాన్.