హృదయ లయకు ఊతమిచ్చిన శాస్త్రజ్ఞుడు

మానవుని గుండె నిమిషానికి సుమారు 72 పర్యాయాలు స్పందిస్తుంది. ఆ స్పందనకు మూలం గుండెలోనే జనించే అతి స్వల్పమైన విద్యుత్తు. ఆ విద్యుత్తు ప్రసరించే మార్గం దెబ్బతింటే గుండె వేగం మందగిస్తుంది. మనిషి స్పృహ కోల్పోతాడు. ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోతుంది. అట్టి గుండెకు విద్యుత్ ప్రేరణను అందించే సాధనమే పేస్‌మేకర్. తొలినాళ్ళలో దానిని గోడకున్న ప్లగ్గుకు తగిలించేవారు. రోగి ఆ తీగ పొడవును దాటి నడవలేడు. విద్యుత్ సరఫరా నిలిచిపోతే ప్రాణగండమే. ఈ బంధనాన్ని తొలగించడానికి, శక్తినిచ్చే విద్యుత్ ఘటాన్ని శరీరంలోనే అమర్చడానికి పూనుకున్నవాడు రూనే ఎల్మ్‌క్విస్ట్.

ఎల్మ్‌క్విస్ట్ 1906వ సంవత్సరంలో స్వీడన్ దేశంలోని లుండ్ నగరంలో జన్మించాడు. వైద్యవిద్యను అభ్యసించినప్పటికీ ఆయన మనస్సు యంత్ర నిర్మాణం వైపే మొగ్గింది. గుండెలోని విద్యుత్ సంకేతాలను సన్నని సిరాధారతో కాగితంపై నమోదుచేసే యంత్రాన్ని రూపొందించి ఆయన పేరు గడించాడు.

1958లో ఆర్నే లార్సన్ అనే 43 ఏండ్ల రోగి స్టాక్‌హోంలోని కరోలిన్స్కా ఆసుపత్రిలో రోజుకు అనేక పర్యాయాలు స్పృహ తప్పుతూ మృత్యువుతో పోరాడుతున్నాడు. ఆయన భార్య ఎల్సే మారీ శస్త్రవైద్యుడు ఓకే సెన్నింగ్‌నూ, ఎల్మ్‌క్విస్ట్‌నూ ఆశ్రయించింది. మానవ శరీరంలో అమర్చదగిన పరికరం అప్పటికింకా సిద్ధం కాలేదు. అయినా ఆమె పట్టు విడువలేదు.

ఎల్మ్‌క్విస్ట్ రెండు ట్రాన్సిస్టర్లను, రెండు చిన్న నికెల్-కాడ్మియం ఘటాలను కూర్చి, బూటుపాలిష్ డబ్బాను అచ్చుగా వాడి, ఎపాక్సీతో పోతపోశాడు. ఘటాలలోని శక్తి క్షీణించినప్పుడు, చర్మంపై ఉంచిన తీగచుట్ట నుండి విద్యుదయస్కాంత ప్రేరణ ద్వారా వాటిని తిరిగి శక్తిమంతం చేసే ఏర్పాటు కల్పించాడు. 1958 అక్టోబరు 8న సెన్నింగ్ దానిని లార్సన్ శరీరంలో అమర్చాడు. కొన్ని గంటలకే అది ఆగిపోయింది. వెంటనే రెండవదానిని అమర్చారు. అదీ ఎక్కువ కాలం పనిచేయలేదు. కాని లార్సన్ బ్రతికాడు, మార్గం తెరచుకొంది.

1960 నుండి పాదరస ఘటాలు వాడుకలోకి వచ్చాయి. అవి సుమారు రెండేండ్లు మాత్రమే పనిచేసేవి. పైగా వాటినుండి వాయువు వెలువడడం వల్ల పరికరాన్ని పూర్తిగా మూసివేయడం సాధ్యమయ్యేది కాదు. అమెరికా ఇంజనీరు విల్సన్ గ్రేట్‌బాచ్ కృషి వలన 1972 నుండి లిథియం-అయోడిన్ ఘటాలు వచ్చి ఈ లోపాలను తీర్చాయి. పేస్‌మేకర్ అనేక సంవత్సరాలు పనిచేయసాగింది.

ఎల్మ్‌క్విస్ట్ 1996లో కన్నుమూశాడు. తన జీవితకాలంలో 26 పేస్‌మేకర్లను ధరించిన లార్సన్ ఆ తరువాత మరో అయిదేండ్లు జీవించి, 2001లో 86వ ఏట మరణించాడు. గంటల వ్యవధిలో ఆగిపోయిన ఆ తొలి యంత్రం వ్యర్థం కాలేదనడానికి ఆయన దీర్ఘాయువే నిదర్శనం.